చదివిన, సమజైంది

ఇంకో గంటలో హైదరాబాద్ నుంచి సంగారెడ్డి పోయే బస్సు వస్తుంది, అందులోంచి నా ఒక్కగానొక్క కొడుకు యాదగిరి దిగుతాడు, వాడు పంపిన పుస్తకంలో నేనింకా నాలుగో పేజీలోనే ఉన్నాను. మొత్తం ముప్పై రెండు పేజీలు. ఇస్నాపూర్ చౌరస్తాలో జహూర్ హోటల్ ముందు బల్ల మీద కూర్చుని వేలు పెట్టి అక్షరం అక్షరం జరుపుకుంటూ పోతున్నాను, లారీ పోయినప్పుడల్లా దుమ్ము లేచి కాగితం మీద పడుతుంది, ఊది మళ్లీ మొదలుపెడితే ఏ వరసలో ఉన్నానో మరిచిపోతాను. మందుల కంపెనీలో పొద్దుటి షిఫ్టు రెండింటికి దిగింది. స్నానం చేసినా ఒంటికి పట్టిన మందు వాసన పోలేదు, అది పోయేది కాదు, పద్దెనిమిదేళ్ల నుంచి నా భార్య పోశమ్మ కంటే ఎక్కువగా నాతో కాపురం చేస్తున్నది అదే. పుస్తకాన్ని టిఫిన్ సంచిలో పెట్టుకుని పొద్దున లోపలికి తీసుకుపోయాను, గేటు దగ్గర సెక్యూరిటీవాడు సంచి తడిమి బయటికి తీస్తే దొంగసొత్తుతో దొరికినట్టు తల దించుకున్నాను. అట్ట మీద 'తల్లిదండ్రుల కోసం' అని ఉంది, వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, నీకిప్పుడు పిల్లలేందన్నా అని నవ్వి లోపల పడేశాడు. నేనూ నవ్వాను. ఎవరు నవ్వినా వెంటనే నవ్వడం నాకున్న పాడు అలవాటు, దాని సంగతి వేరే ఉంది.

'పుట్టుకతో సమాజం నిర్ధారించిన లింగానికీ, వ్యక్తి తన అంతరంగంలో అనుభవించే లింగానికీ మధ్య గల వైరుధ్యమే ఈ వేదనకు మూలం.' ఈ ఒక్క వాక్యానికి నాకు ఎంతసేపు పట్టిందో జహూర్ గోడ మీది గడియారానికి తెలుసు. వైరుధ్యం అంటే ఏమిటో తెలియదు. వేదన తెలుసు. మూలం అంటే మొలల వ్యాధి ఒకటే తెలుసు, అది కాదని మాత్రం తెలుస్తోంది. ఇది రాసిన వాళ్లు ఎవరో మంచివాళ్లే అయ్యుంటారు, మాలాంటివాళ్ల కోసమే రాశారు, కానీ మాలాంటివాళ్లను ఒక్కసారి ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసి ఉంటే బాగుండేది. అయినా వాళ్లననడమెందుకు, ఆడలేక మద్దెల మీద పడ్డట్టు. పుస్తకం వచ్చి మూడు నెలలైంది. మూడు నెలలు రేకుపెట్టెలో బట్టల కింద ఉంది. ఈ పని అప్పుడే చేసి ఉంటే ఇవాళ ఈ బల్ల మీద చెమటలు కక్కేవాణ్ని కాదు.

నిన్న సాయంత్రం జహూర్ కాయిన్ డబ్బాకే ఫోన్ వచ్చింది. పిలిస్తే పోయి ఎత్తుకున్నాను. యాదగిరి గొంతు సన్నగా, జాగ్రత్తగా ఉంది, నిండు బిందె మోసేవాళ్ల నడకలాగా. "నాయినా, పదకొండో పేజీల నేను రాసింది చదివినవా?" అన్నాడు. నేను ఆలోచించనే లేదు, "చదివిన" అన్నాను. "సమజైందా?" అన్నాడు. "సమజైంది" అన్నాను. అవతల ఏడుపు వినబడింది. "ఇగ చాలు నాయినా. రేపు మూడున్నరకు వస్త. నేనెట్లున్ననో గట్లనే వస్త." ఫోన్ పెట్టేశాడు. పుస్తకంలో తను చేత్తో రాసిన సంగతి ఒకటి ఉందనే నాకు తెలియదు. నాలుగో పేజీ దాటి ఎన్నడూ తెరవలేదు. పదకొండో పేజీ ఇప్పుడైనా తెరవవచ్చు కదా, చేతిలోనే ఉంది కదా అని ఎవరైనా అడగవచ్చు. మందు బ్యాచ్ నడిపేవాడిని, వరస తప్పితే సరుకు ఖరాబవుతుంది, అయిదో మెట్టు కాకుండా ఆరో మెట్టు ఎక్కకూడదు, అందుకే మొదటినుంచి వస్తున్నానని నాకు నేను చెప్పుకుంటున్నాను. అది అబద్ధం. నాకు భయం, అంతే.

చదివిన, సమజైంది. ఆ రెండు మాటలు నా నోట్లోంచి రాలేదు, కంపెనీలోంచి వచ్చాయి. మా దగ్గర ఏ కొత్త పద్ధతి పెట్టినా ఇంగ్లీషులో పదీ పన్నెండు పేజీల కాగితం వస్తుంది, చివర్లో ఒక పట్టిక ఉంటుంది, పేరు, టోకెన్ నంబరు, సంతకం. పట్టిక మీద ముద్రించిన మాటకు 'చదివాను, అర్థమైంది' అని అర్థమట, మా కెమిస్టు పిల్లవాడు చెప్పాడు. తనిఖీకి ముందు రోజు నలభైమందిమి వరసగా నిలబడి పది నిమిషాల్లో సంతకాలు చేసేస్తాం. ఒకసారి బయటి దేశం నుంచి వచ్చిన దొర మా కిష్టప్పను ఆపి, నువ్వు ఏమి చదివావో చెప్పమని అడిగించాడు. కిష్టప్ప తడుముకోకుండా, చేతులు మంచిగ కడుక్కోవాలని ఉంది సార్ అన్నాడు. ఏ కాగితంలోనైనా ఆ మాట ఒకటి ఉండకపోదు కదా. దొర మెచ్చుకుని పోయాడు, మేము వారం రోజులు నవ్వుకున్నాం. పద్దెనిమిదేళ్లుగా, మొదట్లో వేలిముద్ర వేసి, తర్వాత సంతకం పెట్టి, ఏమి చదివానో తెలియకుండా చదివానని రాసిస్తున్నాను, మందు వండే ఏ రియాక్టరూ పేలలేదు. నిన్న ఫోన్లో కూడా అలాగే సంతకం పెట్టేశాను. అవతల ఉన్నది దొర కాదు, నా పిల్లవాడు, నా మాట పట్టుకుని బస్సెక్కుతాడని మరిచిపోయాను.

అసలు ఈ అక్షరాలు నాకు నేర్పింది వాడే. వయోజనుల బడి అని పెట్టినప్పుడు ఇక్కడికి కాపురం మార్చకముందు, గుమ్మడిదల దగ్గర మా ఊళ్లో సాయంత్రాలు పంచాయతీ ఆఫీసు వరండాలో కూర్చోబెట్టేవాళ్లు, నేను సిగ్గుపడి పోకపోతే పదేళ్ల యాదగిరి ఇంటికే పలక పట్టుకొచ్చాడు. నా వేలు తన పిడికిట్లో పట్టుకుని గుండ్రంగా తిప్పేవాడు. వత్తు మరిచిపోతే కొట్టేవాడు కాదు, నవ్వేవాడు కాదు, "మల్ల రాయి నాయినా, తొందరేముంది" అనేవాడు. ఆ అక్షరాలతోనే హెల్పర్ నుంచి ఆపరేటర్‌నయ్యాను. తొందర లేదన్న పిల్లవాడు ఇప్పుడు మూడు నెలలు ఆగి, ఇంక ఆగలేక వస్తున్నాడు.

జహూర్ చాయ్ తెచ్చి పెట్టి, పరీక్ష ఉందా సంగన్నా, గింత పరేషాన్ గున్నవ్ అన్నాడు. ఉందన్నాను. వాడు కదిలిపోయాడు, చాయ్ చల్లారింది. అయిదో పేజీ. 'మీ బిడ్డను నిందించకండి. మిమ్మల్ని మీరూ నిందించుకోకండి.' ఈ మాట పోశమ్మకు చెప్పాను, ఇది మాత్రం నిజంగానే చెప్పాను, చదవకుండానే. ఎలాగంటే, పుస్తకం పోస్టులో వచ్చిన రోజు ఆమె పొయ్యి ముందు నుంచి లేచివచ్చి, కొడుకు పంపిండు, చదివి ఇనిపియ్యి అని ఎదురుగా కూర్చుంది. ఆమెకు అక్షరం రాదు, నాకు వస్తుందని ఆమె గర్వం. నేను మొదటి పేజీ చూశాను, తల తిరిగింది, రాదని చెప్పడానికి నోరు రాలేదు. పుస్తకం తెరిచి పెట్టుకుని తోచింది చదివాను. ఇది పట్నం గాలి వల్ల కొందరు పిల్లలకు వచ్చే ఇబ్బంది అన్నాను. తిట్టొద్దు, కొట్టొద్దు, నెమ్మదిగా మాట్లాడితే ఏడాదిలో సర్దుకుంటుంది, మళ్లీ మామూలు అవుతాడు అన్నాను. పెద్ద డాక్టర్లు రాశారన్నాను. ఆమె ముఖం విచ్చుకుంది. అది చూసి నాకు అబద్ధం ఆడినట్టు కూడా అనిపించలేదు, మందు ఇచ్చినట్టే అనిపించింది.

అడుసు తొక్కాక కాలు కడుక్కోవడానికి నీళ్లు దొరకాలి కదా. పోశమ్మ ఊరుకోలేదు, రెండు రోజులకోసారి పెట్టెలోంచి ఆ పుస్తకం తీయించేది, డాక్టర్లు చెప్పిన పేజీ మళ్లీ చదువు అనేది. మొదటి నాలుగు పేజీల్లో నేను ఏది తెరిస్తే అదే ఆ పేజీ. ఒక్కోసారి కొంచెం కలిపేవాణ్ని, పోయినసారి చెప్పింది మరిచిపోతే ఆమే అందించేది, నెమ్మదిగ మాట్లాడాలె అని ఉండె కదా ఆడ, అని. నేను కల్పించిన పుస్తకం ఆమెకు కంఠతా వచ్చింది. వచ్చి, ఆమె దాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. అయిదేళ్లుగా కొడుకు ఫోన్ చేస్తే, ఆ ఆడ మాటలేందిర అని ఏడ్చి తిట్టి పెట్టేసే మనిషి తిట్టడం మానేసింది. తిన్నవా, నిద్ర పడుతుందా, ఎవలన్న ఏమన్న అంటున్నరా అని అడగడం మొదలుపెట్టింది. పోయిన వారం ఫోన్లో నా ముందే అంది, "పుస్తకం మొత్తం ఇన్న కొడుకా, మీ నాయిన మస్తుసార్లు చదివిండు. నువ్వెట్లున్నా రా." అవతల వాడికి అది ఎలా వినబడి ఉంటుంది? అమ్మకు కూడా అర్థమైందని వాడు నమ్మాడు. ఇక్కడ ఈమె, ఏడాది కూడా పట్టలేదు, పిల్లవాడు బాగయ్యాడు, అందుకే వస్తున్నాడని నమ్మింది. ఇద్దరి నమ్మకమూ నా నోట్లోంచే పుట్టింది. పొద్దున నేను షిఫ్టుకు బయలుదేరేటప్పటికే సర్వపిండికి బియ్యప్పిండి తడిపి పెట్టింది. నీలం గీతల చొక్కా, ప్యాంటు కొని మడతపెట్టి ఉంచింది. ఆదివారం కంది ఊరి నుంచి వాళ్ల అన్న తరఫువాళ్లు పెండ్లికని పిల్లవాణ్ని చూసిపోతారట, పిల్ల పదో తరగతి చదివిందట. నాకు అన్నీ వినబడ్డాయి. చెప్పులు వేసుకుని వచ్చేశాను. కుడితిలో పడ్డ ఎలుకే నయం, దాన్ని తోక పట్టి తీసి బయట పడేసేవాడు ఒకడుంటాడు.

ఆరో పేజీ. 'ఇది కొత్తగా వచ్చింది కాదు. ప్రతి కాలంలో, ప్రతి ఊళ్లో ఇటువంటివారు ఉన్నారు.' మా ఊళ్లోనా, ఎవరబ్బా అనుకుంటుండగానే దేవుడు పూనే శివసత్తి కొమురయ్య గుర్తొచ్చాడు. మల్లన్న పండుగకు పట్నాలనే రంగు ముగ్గులు వేసినప్పుడు పసుపు చీర, చేతినిండా గాజులు, నడుము దాకా జుట్టు, మొహానికి ఇంత పసుపు, ఊళ్లో పెద్ద పెద్ద కాపులు కూడా వంగి నుదుట బండారి పసుపు పెట్టించుకునేవాళ్లు. కొమురయ్య అని ఎవరూ పిలిచేవాళ్లు కాదు, అవ్వా అనేవాళ్లు. యాదగిరికి చిన్నప్పుడు జ్వరం తగ్గకపోతే నేనే ఎత్తుకుపోయి ఆ గాజుల చేతుల్లో పెట్టాను, అవ్వా నా కొడుకును కాపాడు అని మొక్కాను. పండుగ కాని రోజుల్లో కొమురయ్య ఎలా ఉండేవాడో, ఏం తినేవాడో, ఏ పొద్దూ ఆలోచించలేదు. పండుగనాడు మొక్కిన నోటితోనే కదా నా పిల్లవాడు నడిస్తే నవ్వాను. కొట్టలేదు. అందరూ కొట్టి ఉంటావనుకుంటారు, నేను కొట్టలేదు. మా కంపెనీ ప్యాకింగ్ సెక్షన్లో వాణ్ని పనికి పెట్టించాను, అప్పుడు వాడికి పంతొమ్మిదేళ్లు, ఒకరోజు క్యాంటీన్‌లో వాడు ప్లేటు పట్టుకుని వస్తుంటే బల్ల దగ్గరవాళ్లు వాడి నడక చూసి ఏదో అన్నారు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నా కొడుకని వాళ్లకు తెలుసు, అందుకే నవ్వాను, నవ్వకపోతే నన్నూ అంటారని. వాడు నన్ను చూశాడు. ప్లేటు బల్ల మీద పెట్టి, అన్నం వదిలేసి పోయాడు. ఆ వారమే పట్నం వెళ్లిపోయాడు. కొట్టి ఉన్నా ఇంకో రకంగా ఉండేది, కొట్టిన తండ్రిని పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు క్షమిస్తారు. నవ్వినవాణ్ని ఎలా క్షమిస్తారు?

గడియారంలో మూడు దాటింది. ఈ లెక్కన పోతే వచ్చే సోమవారానికి పూర్తవుతుంది. కళ్లు మూసుకుని ఒక్కసారిగా పదకొండుకు తిప్పేశాను. అచ్చు అక్షరాల పక్కన, కింద, పైన ఖాళీ ఉన్నచోటల్లా నీలం ఇంకు. గుండ్రటి అక్షరాలు, పెద్దపెద్దగా, పదానికీ పదానికీ మధ్య వేలెడు చోటు వదిలి. నాకోసం అలా రాసింది, తండ్రికి ఎంత అక్షరం కనబడుతుందో తెలిసిన చెయ్యి అది. ఇక్కడ వేలు పెట్టనక్కర లేకపోయింది.

'నాయినా, ఈ పుస్తకంల తెలుగు నీకు కష్టమైతది, నాకెరుకే. అందుకే నేను రాస్తున్న. నువ్వు గేటు లోపటికి పోయినంక నీ బట్టలు ఇడిసి కంపెనీ డ్రెస్ ఏసుకుంటవు. టోపీ, మాస్కు. ఎనిమిది గంటలు నిన్ను చూసినోళ్లు సంగప్ప అని గుర్తు పట్టరు. షిఫ్టు అయినంక అది ఇడిసి నీ అంగి ఏసుకొని ఇంటికొస్తవు. నేను పుట్టినకాంచి షిఫ్టులనే ఉన్న నాయినా. ఇరవై నాలుగేండ్లు. ఊపిరాడలే. ఇగ షిఫ్టు దిగిన. నా బట్టలు నేనేసుకున్న. అమ్మ చెప్పేది కదా, ఆడివిల్ల పుడితే నాయినమ్మ పేరు పెడుదుమని. ఆ పేరు నేను తీసుకున్న. ముత్యం అంటరు ఈడ నన్ను. మీకు సిగ్గయితే చెప్పుండ్రి, రాను. ఈ పేజీ అమ్మకు రెండుసార్లు చదువు.'

ఎనిమిది గంటల షిఫ్టులో నాలుగో గంటకే మాస్కు కింద దురద మొదలవుతుంది, గోకడానికి లేదు, ఆరో గంటకు ఆ మాస్కు పీకి పారేసి బయటికి ఉరకాలనిపిస్తుంది, గడియారం చూస్తాం, ఇంకో రెండు గంటలే కదా అని పళ్లు బిగబట్టుకుంటాం. రెండు గంటలని తెలుసు కాబట్టి ఓర్చుకుంటాం. గడియారమే లేని షిఫ్టు ఎలా ఉంటుందో నేను ఎన్నడూ అనుకోలేదు. ఇరవై నాలుగేళ్లు. అందులో పంతొమ్మిదేళ్లు నా ఇంట్లో, నా కళ్లముందు. నాకు ఏడుపొచ్చింది, చౌరస్తాలో లారీలవాళ్ల ముందు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. వైరుధ్యం అంటే ఏమిటో ఇప్పటికీ తెలియదు, ఇది మాత్రం తెలిసింది. మూడు నెలల కింద ఈ ఒక్క పేజీ తెరిచి ఉంటే పోశమ్మకూ తెలిసేది. ఆమె నాకంటే తెలివైన మనిషి, నాయినమ్మ పేరు దగ్గరే ఆమెకు సగం అర్థమయ్యేది. రెండుసార్లు కూడా చదవనక్కర లేదు, ఒక్కసారి చాలు.

ఒక్కసారి చదవడానికి ఇప్పుడు టైము లేదు. ఇల్లు పావుగంట నడక. పరుగెత్తిపోయి ఈ పేజీ పోశమ్మకు వినిపిస్తే ఆలోగా బస్సు వస్తుంది, నా పిల్ల దిగుతుంది, ఇక్కడ ఎవరూ ఉండరు. ఎవరూ లేకపోతే, చదివి కూడా రాలేదు, సిగ్గుపడ్డారు అనుకుని వచ్చిన దారినే పోతుంది. ఇక్కడే కూర్చుంటే ఇంట్లో ఆమె నీలం గీతల చొక్కా పట్టుకుని తలుపు తీస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి, రెండూ నేనే తవ్వాను, నా చేతుల్తో, ఏ దేవుడూ చేయలేదు. జహూర్‌ను పంపుదామా? ఏమని పంపాలి, మా పోశమ్మకు ఈ పేజీ చదివి వినిపించు భాయ్ అనా? వాడు చదువుతాడు, ఉర్దూ అయితే. లేచాను, కూర్చున్నాను, మళ్లీ లేచాను. దిగగానే ముందు పిల్లకే నిజం చెప్పేస్తా, నేను చదవలేదు, మీ అమ్మకు తెలియదు, ఇవాళ్టికి ఇటునుంచి ఇటే పో అని చెప్తా. ఆ మాట ఎలా చెప్పాలో నోట్లో రెండుసార్లు అనుకున్నాను. అనుకున్నకొద్దీ అది క్యాంటీన్‌లో నవ్వినట్టే వినబడింది. చెప్పలేను. చెప్పకుండానూ ఉండలేను. పుస్తకం మడిచి పట్టుకున్నాను, అరచేతి చెమటకు అట్ట తడిసి మెత్తబడింది.

బస్సు పది నిమిషాలు ముందే వచ్చింది. ఆలస్యం కావాలని మొక్కుకున్న రోజే ముందు వస్తుంది. పటాన్‌చెరు వైపు నుంచి దుమ్ము లేపుకుంటూ వచ్చి, హోటల్ దాటి ముందుకుపోయి ఆగింది, డ్యూటీకి పోయేవాళ్లు ఎక్కడానికి ఎగబడ్డారు, దిగేవాళ్లు వాళ్లను తోసుకుంటూ దిగారు. నేను పరుగులాంటి నడకతో పోతున్నాను. ఇద్దరు ముసలివాళ్లు దిగారు, బిహారు కూలీలు నలుగురు మూటలతో దిగారు, వాళ్ల వెనక ఆకుపచ్చ చీర. సాదాసీదా చీర, జడ, భుజాన బరువు సంచి. దిగి, మెట్టు ముందే నిలబడి, ఎవరినో వెతుకుతున్నట్టు హోటల్ వైపు తల తిప్పి చూస్తోంది. నేను ఒక చూపులోనే గుర్తుపట్టాను. మా అమ్మ పోలిక. మా అమ్మ సంతకు పోయి మమ్మల్ని వెతుక్కునేటప్పుడు మెడ అలాగే సాచేది. ఆ పోలికను మగ అంగీలో పంతొమ్మిదేళ్లు చూసి కూడా నాకు తెలియలేదు.

పేరు పిలుద్దామని నోరు తెరిచాను. అప్పుడే రోడ్డు అవతల నుంచి, లారీకి చెయ్యి అడ్డం పెట్టి ఆపి, పోశమ్మ దాటుతోంది. ఇంట్లో ఉండమని చెప్పాను. ఏ తల్లి ఉంటుంది. తలకు నూనె రాసుకుంది, పండుగ చీర కట్టుకుంది, నన్ను చూడనే లేదు, ఆమె కళ్లన్నీ బస్సు తలుపు మీదే ఉన్నాయి. వెనకగా వచ్చి, తలుపుకు అడ్డంగా నిలబడ్డ ఆకుపచ్చ చీర భుజం మీద చెయ్యి వేసింది. మెత్తగా వేసింది, ఈ మూడు నెలల్లో నేర్చుకున్న మెత్తదనంతో.

"జెర పక్కకు జరుగు బిడ్డా, మా కొడుకు దిగుతుండు."

పిల్ల జరిగింది. వెనక్కి తిరగలేదు, రెండడుగులు పక్కకు వేసి తలుపుకు దారి వదిలి నిలబడింది. పోశమ్మ ఆ దారిలో నిలబడి లోపలికి తొంగి చూసింది. ఎక్కేవాళ్లు ఎక్కారు. కండక్టర్ తలుపు వేసి రైట్ అన్నాడు, బస్సు కదిలి కంది వైపు వెళ్లిపోయింది, అది నిలబడ్డ చోట ఖాళీ రోడ్డు, డీజిల్ పొగ, మేము ముగ్గురం. నేను దగ్గరికి పోయాను. పిల్ల భుజం మీది సంచి అందుకుని నా భుజానికి వేసుకున్నాను.

పోశమ్మ ఆ సంచి వైపు చూసింది. తర్వాత పిల్ల ముందుకు వచ్చి నిలబడి, ముఖంలోకి చూసింది.